బ్రాండెడ్ డెస్క్‌టాప్ తీసుకోవాలా, అసెంబుల్ చేయించుకోవాలా? వీడియో ఎడిటింగ్ పనికి

టైమ్‌లైన్_తార
ల్యాప్‌టాప్ మీద ఎడిటింగ్ చేసి చేసి విసిగిపోయాను. 4కే క్లిప్పులు నాలుగు వరుసలు పెడితే చాలు ప్లేబ్యాక్ ముక్కలు ముక్కలవుతుంది, ఫ్యాన్ గోల వేరే. ఈసారి డెస్క్‌టాప్ కొనాలని గట్టిగా అనుకున్నాను. కొందరేమో పెద్ద కంపెనీ సిస్టమ్ తీసుకో, తలనొప్పి ఉండదు అంటున్నారు. ఇంకొందరు అసెంబుల్ చేయించుకో, అదే డబ్బుకి రెట్టింపు మెషీన్ వస్తుంది అంటున్నారు. రెండు వైపులా ఎంత నమ్మకంగా చెబుతున్నారంటే ఎవరి మాట వినాలో తెలియడం లేదు. నాకు సాఫ్ట్‌వేర్ బాగా వచ్చు, డబ్బా లోపల ఏముంటుందో మాత్రం పెద్దగా తెలియదు. గేమ్స్ ఆడను. కెమెరా ఫుటేజ్ 10 బిట్‌లో (రంగుల ఛాయలు ఎక్కువ ఉండే రకం) వస్తుంది. మెషీన్ కనీసం ఐదారేళ్ళు నడవాలి, మధ్యలో ఆగితే నా పని ఆగిపోతుంది, క్లయింట్లకి జవాబు చెప్పుకోలేను. వాడినవాళ్ళు చెప్పండి.

స్క్రూడ్రైవర్
అసెంబుల్డ్. ఇంకో ఆలోచన పెట్టుకోకండి.

ల్యాబ్_ఇన్‌ఛార్జ్
అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలా స్క్రూడ్రైవర్ గారూ. ప్రశ్నలో చివరి మాట చూడండి, మెషీన్ ఆగితే ఆవిడ పని ఆగుతుంది. నేను ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను, గది నిండా బ్రాండెడ్ సిస్టమ్‌లే. ఏదైనా మొరాయిస్తే సర్వీస్ ట్యాగ్ నంబరు చెబుతాను, ఆన్‌సైట్ వారంటీ ఉంది కాబట్టి మనిషి వచ్చి పాడైన పార్టు మార్చి వెళ్తాడు. పోయింది ర్యామా, ఎస్‌ఎంపీఎస్సా (కరెంటు ఇచ్చే డబ్బా), మదర్‌బోర్డా అని కనిపెట్టే పని నాది కాదు. అసెంబుల్డ్‌లో ఆ భారమంతా కొన్నవాళ్ళ నెత్తినే పడుతుంది. మదర్‌బోర్డు వాళ్ళు ర్యామ్ తప్పంటారు, ర్యామ్ వాళ్ళు మదర్‌బోర్డు తప్పంటారు. లోపల ఏముందో తెలియనివాళ్ళకి అది నరకం.

రాత్రిపక్షి
ల్యాబ్ గారు చెప్పింది బిజినెస్ మోడళ్ళ సంగతి. అదే కంపెనీ ఇళ్ళకి అమ్మే మోడళ్ళలో ఆన్‌సైట్ చాలాసార్లు రాదు, విడిగా కొనుక్కోవాలి. పేరు ఒకటే, సరుకు వేరు, సర్వీసూ వేరు. కొనేముందు వారంటీ కాగితంలో ఎన్నేళ్ళు, ఇంటికి వస్తారా లేక మనమే మోసుకెళ్ళాలా అన్నది చదవాల్సిందే.

స్క్రూడ్రైవర్
సరే, ఎందుకన్నానో వివరంగా చెబుతాను. మా తమ్ముడు ఒక పేరున్న కంపెనీ డెస్క్‌టాప్ కొన్నాడు. వారంటీ అయిపోయాక ఎస్‌ఎంపీఎస్ పోయింది. డెస్క్‌టాప్‌లో మార్చడానికి అన్నిటికంటే తేలికైన పార్టు అది. కేబినెట్ తెరిచి చూస్తే మదర్‌బోర్డు మీద మామూలు 24 పిన్ కనెక్టర్ లేదు, వాళ్ళ సొంత రకం ఉంది. బయట దొరికే ఎస్‌ఎంపీఎస్ ఆ అరలో పట్టనే పట్టదు. పోనీ బోర్డు తీసి వేరే కేబినెట్‌లో పెడదామంటే స్క్రూ రంధ్రాలు కలవవు, పవర్ బటన్ వైరు కూడా వేరే తీరు. ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ కొలతలు తెచ్చింది. అప్పటినుంచి ఏ కంపెనీ బోర్డునైనా ఇంకో కంపెనీ కేబినెట్‌లో బిగించుకోగలుగుతున్నాం. ఆ సౌకర్యాన్ని వాళ్ళు కావాలనే తీసేశారు. చివరికి ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ తప్ప ఏదీ పనికిరాలేదు. ఐదారేళ్ళు నడవాలి అన్నారు కదా తారగారూ, ఐదో ఏట ఎస్‌ఎంపీఎస్ పోతే ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించండి.

ల్యాబ్_ఇన్‌ఛార్జ్
ఇది మాత్రం ఒప్పుకుంటాను. మాకు స్పేర్ పార్టులు ఆ కంపెనీ దగ్గరే తీసుకోవాలి, వేరే దారి లేదు. మోడల్ పాతబడ్డాక అవి దొరకడం కష్టం.

కేబుల్_కథలు
అన్ని బ్రాండెడ్‌లూ అలా ఉండవు. మామూలు పార్టులతోనే సిస్టమ్‌లు కట్టి, పరీక్షించి, సొంత వారంటీతో అమ్మే కంపెనీలూ ఉన్నాయి. తేడా కనిపెట్టడం తేలికే. ప్రకటనలో మదర్‌బోర్డు మోడల్, ఎస్‌ఎంపీఎస్ మోడల్ పూర్తిగా రాశారా, లేక "హై క్వాలిటీ పవర్ సప్లై" అని వదిలేశారా చూడండి. పేరు రాయలేదంటే ఎక్కడ డబ్బు మిగుల్చుకున్నారో అదే చెబుతోంది.

పిక్సెల్_పంతులు
అందరూ డబ్బా గురించే మాట్లాడుతున్నారు, పని గురించి ఎవరూ అడగలేదు. తారగారూ, ఫుటేజ్ 10 బిట్ అన్నారు. 4:2:0నా, 4:2:2నా, అంటే రంగుల వివరం ఎంత ఉంచుతోంది? కోడెక్ ఏది, అంటే వీడియోని ఏ పద్ధతిలో కుదిస్తోంది?

టైమ్‌లైన్_తార
ఇప్పుడే ఒక క్లిప్ వివరాలు తీసి చూశాను. హెచ్.265, 4:2:2, 10 బిట్ అని ఉంది. అది అంత ముఖ్యమా?

పిక్సెల్_పంతులు
చాలా ముఖ్యం. మీ ల్యాప్‌టాప్ ఆపసోపాలు పడటానికి అదే కారణం అయ్యుండే అవకాశం ఎక్కువ. హెచ్.265 ఫుటేజ్‌ని విప్పే పని కోసం గ్రాఫిక్స్ చిప్పులో ప్రత్యేకమైన భాగం ఉంటుంది. చాలా చిప్పుల్లో అది 4:2:0 మాత్రమే విప్పగలదు. 4:2:2 వస్తే చేతులెత్తేస్తుంది, అప్పుడు మొత్తం భారం ప్రాసెసర్ కోర్ల మీద పడి ప్లేబ్యాక్ నత్తనడక అవుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే ఈ భాగాన్ని క్విక్ సింక్ అంటారు, అందులో డెస్క్‌టాప్‌లో 11వ తరం నుంచి హెచ్.265 4:2:2 10 బిట్ విప్పే సౌకర్యం ఉంది. ఎన్విడియా కార్డుల్లో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ దాకా అది లేదు. అంటే ఎంతో ఖరీదైన ఆర్‌టీఎక్స్ 4090 పెట్టుకున్నా మీ క్లిప్పుల విషయంలో దానికి ఆ పని రాదు, మామూలు ఇంటెల్ చిప్పుకి వస్తుంది.

అందుకే బ్రాండెడా, అసెంబుల్డా అనేది రెండో ప్రశ్న. "గేమింగ్ పీసీ" అని రాసిన రెడీమేడ్ సిస్టమ్‌లలో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లు తరచూ కనిపిస్తాయి. ఎఫ్ ఉంటే లోపలి గ్రాఫిక్స్ ఉండదు. గేమ్స్ ఆడేవాళ్ళకి ఏ నష్టమూ లేదు, కార్డు ఎలాగూ ఉంటుంది. మీకు మాత్రం కావాల్సిన భాగమే పోతుంది.

టైమ్‌లైన్_తార
ఇది నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. చాలా థ్యాంక్స్ పంతులుగారూ.

బిట్‌బుజ్జి
ప్రాక్సీలు, అంటే అసలు క్లిప్పుల తేలికపాటి కాపీలు చేసుకుని ఎడిట్ చేస్తే సరిపోతుంది కదా? దీనికోసం ప్రాసెసర్ ఎంచుకోవడం ఎందుకు?

పిక్సెల్_పంతులు
ప్రాక్సీలు మంచివే, పెద్ద ప్రాజెక్టుల్లో నేనూ చేస్తాను. కానీ ప్రాక్సీ తయారవ్వాలన్నా ముందు అసలు క్లిప్‌ని విప్పాల్సిందేగా. పొద్దున షూట్ చేసి సాయంత్రానికి ఇచ్చేయాల్సిన పనుల్లో ఆ సమయం కూడా ఉండదు.

చిప్పుల_చిట్టి
ఎఫ్ గురించి చెప్పారు కాబట్టి ఇంకో సంగతి. రెడీమేడ్ సిస్టమ్‌ల ప్రకటనల్లో పేర్లు సగమే రాస్తారు. "ఐ7, 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు" అంతే. ఐ7 అనే పేరు 2008 నుంచి ఉంది. 2011 నాటి ఐ7-2600 కూడా ఐ7నే, దానికంటే 12వ తరం ఐ3-12100 వేగంగా పనిచేస్తుంది. తరం నంబరుతో సహా పూర్తి పేరు లేకపోతే ఆ రెండక్షరాలకి విలువ లేదు.

గ్రాఫిక్స్ కార్డుల్లో ఇంకా ఘోరం. ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరుతో 8 జీబీది ఉంది, 6 జీబీది ఉంది. తేడా మెమరీ ఒక్కటే అనుకుంటారు, 6 జీబీ దానిలో కోర్లు కూడా తక్కువ. 5060 టీఐలో 8 జీబీ, 16 జీబీ రెండూ ఉన్నాయి. ఎడిటింగ్‌లో 4కే టైమ్‌లైన్ మీద కలర్ గ్రేడింగ్, నాయిస్ రిడక్షన్ వేస్తే 8 జీబీ త్వరగా నిండిపోతుంది, అక్కడినుంచి "జీపీయూ మెమరీ ఫుల్" అని మొరాయించడం మొదలు. ప్రకటనలో కార్డు పేరు పక్కన జీబీ రాయకపోతే చిన్నదే అనుకోవడం మంచిది.

స్క్రూడ్రైవర్
ర్యామ్ కూడా చూడాలి చిట్టిగారూ. 16 జీబీ అని ఒకే స్టిక్ పెట్టి పంపుతారు. రెండు 8 జీబీ స్టిక్‌లు పెడితే డ్యూయల్ చానెల్‌లో నడుస్తుంది, ఒకటే పెడితే ప్రాసెసర్‌కి మెమరీ దగ్గరనుంచి డేటా వచ్చే దారి సగానికి తగ్గుతుంది. లోపలి గ్రాఫిక్స్ వాడేవాళ్ళకి ఆ దెబ్బ కళ్ళకి కనిపిస్తుంది.

నిప్పురవ్వ
"అదే డబ్బుకి రెట్టింపు మెషీన్" అనే మాట ఎవరన్నారో గానీ అది ఎప్పుడూ నిజం కాదు. పార్టుల ధరలు ప్రశాంతంగా ఉన్న రోజుల్లో అసెంబుల్డ్ కొంత చవక, లేదా అదే ధరకి మెరుగైన ఎస్‌ఎంపీఎస్, బోర్డు వస్తాయి, అంతే. 2021లో ఏమైందో గుర్తుందా? గ్రాఫిక్స్ కార్డులు క్రిప్టో కరెన్సీ మైనింగ్ వాళ్ళ చేతుల్లోకి పోయి విడిగా దొరకనే లేదు, దొరికినా పెట్టిన ధరకి అంతు లేదు. అప్పుడు కార్డు కావాలంటే రెడీమేడ్ సిస్టమ్ కొనడమే చవక. 2022లో గానీ కార్డుల మార్కెట్ మామూలు స్థితికి రాలేదు, ఆ సెప్టెంబరులో ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ పద్ధతినే వదిలేసింది.

ర్యామ్ విషయంలో 2025 చివరి నుంచి అదే కథ. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ తయారీదార్లు తమ ఉత్పత్తిని అటు మళ్ళించారు, డీడీఆర్5 రకం ర్యామ్ ధరలు అమాంతం పెరిగాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్ళకి అమ్మే వ్యాపారమే మానేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. పెద్ద కంపెనీలు మెమరీని ముందే ఒప్పందాలతో కొనిపెట్టుకుంటాయి కాబట్టి వాళ్ళ సిస్టమ్‌ల మీద ఆ భారం కొంచెం ఆలస్యంగా పడుతుంది. కాబట్టి కొనే రోజున రెండు లెక్కలూ పక్కపక్కన వేసుకోవాలి, పోయిన ఏడాది ఎవరో చెప్పిన మాట పట్టుకుని వెళ్ళకూడదు.

రాత్రిపక్షి
ఆ లెక్కలో విండోస్ కూడా కలపండి. బ్రాండెడ్‌తో లైసెన్స్ వస్తుంది. అసెంబుల్డ్‌లో విడిగా కొనాలి, దీన్ని చాలామంది లెక్కలోంచి వదిలేసి అసెంబుల్డ్ చవక అంటారు.

కేబుల్_కథలు
అవును, కానీ బ్రాండెడ్‌తో వచ్చేది ఆ మదర్‌బోర్డుకే కట్టేసిన లైసెన్స్. కీ ఆ బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. రేపు బోర్డు మార్చి వేరేది వేస్తే అది వెంట రాదు. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ అయితే పాత మెషీన్‌లో తీసేసి కొత్త మెషీన్‌కి మార్చుకోవచ్చు.

పాతచిప్పు
మధ్యలో దూరుతున్నాను, ఆఫీసుల్లో వాడి తీసేసిన బ్రాండెడ్ సిస్టమ్‌లు తక్కువలో వస్తాయి కదా, ఒక గ్రాఫిక్స్ కార్డు పెట్టేస్తే ఎడిటింగ్‌కి సరిపోదా?

చిప్పుల_చిట్టి
చదువులకీ, టైపింగ్ పనులకీ అవి బంగారం. ఎడిటింగ్‌కి వద్దు. సన్నటి కేబినెట్ అయితే సగం ఎత్తు కార్డులే పడతాయి. చాలావాటి ఎస్‌ఎంపీఎస్‌లో గ్రాఫిక్స్ కార్డుకి విడిగా వైరు ఉండదు, అంటే స్లాట్ ఇచ్చే 75 వాట్లతో నడిచే కార్డు తప్ప వేరేది పెట్టలేరు. పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 ఇంటెల్‌లో 8వ తరం, ఆ తర్వాతివాటినే అధికారికంగా ఒప్పుకుంటుంది. తరం చూడకుండా కొనకండి.

పాతచిప్పు
మా అమ్మాయి చదువుకి తీసుకుంటాను అయితే. 8వ తరం కంటే కిందకి పోను.

వైఫై_వసంత
నేను ఇంట్లో కూర్చుని సొంతంగా బిగించుకున్నాను, హార్డ్‌వేర్ చదువు ఏమీ లేదు నాకు. మాన్యువల్ పక్కన పెట్టుకుని, వీడియోలు ఆపుతూ చూస్తూ చేశాను. కనెక్టర్లు దేనికదే ఆకారం కాబట్టి తప్పుగా పెట్టడం కష్టమే. కొత్తవాళ్ళు భయపడే చోటు ఒకటుంది, అది ముందే చెబుతాను. ఏఎమ్‌డీ ప్రాసెసర్లకి వచ్చే ఏఎమ్5 రకం బోర్డుల్లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, తెర నల్లగా ఉంటుంది, ఫ్యాన్లు తిరుగుతూ ఉంటాయి. చాలామంది పాడైపోయిందనుకుని ఆపేసి మళ్ళీ వేస్తారు. వేచి ఉండాలి. రెండు స్టిక్‌లు ఉంటే సాధారణంగా ప్రాసెసర్ వైపునుంచి రెండో స్లాట్, నాలుగో స్లాట్. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి, పైన బోర్డుకి ఉన్న సాకెట్‌కి కాదు. తర్వాత బయోస్‌లోకి (బోర్డు సెట్టింగులు ఉండే చోటు) వెళ్ళి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగు ఆన్ చేయాలి, లేకపోతే 6000 వేగం అని రాసి ఉన్న డీడీఆర్5 కూడా 4800 లాంటి మామూలు వేగంతోనే నడుస్తుంది. బాక్సు మీద రాసిన వేగం దానంతట అదే రాదని నాకైతే ఏ వీడియోలోనూ ముందు చెప్పలేదు.

బిగించాక వచ్చిన ధైర్యం వేరు. ఇప్పుడు ఏదైనా శబ్దం వస్తే ఏ ఫ్యానో నాకు తెలుసు, టెన్షన్ లేదు.

ల్యాబ్_ఇన్‌ఛార్జ్
వసంతగారి ఓపికకి దండం. కానీ వారం చివర్లో బిగించుకోవడానికి సమయం ఉన్నవాళ్ళు వేరు, రేపు డెలివరీ ఉన్నవాళ్ళు వేరు. నేను చెబుతున్నది అదే.

వైఫై_వసంత
ఒప్పుకుంటా. అయితే పాడైనప్పుడు ఎవరికి తక్కువ సమయం పోతుంది? బ్రాండెడ్‌లో మొత్తం డబ్బా సర్వీస్ సెంటర్‌కి పంపితే అందులోని ఎస్‌ఎస్‌డీతో సహా పోతుంది, ప్రాజెక్టులన్నీ అందులోనే. అసెంబుల్డ్‌లో పోయిన పార్టు ఒక్కటే పంపిస్తాను. గ్రాఫిక్స్ కార్డు పంపినా లోపలి గ్రాఫిక్స్‌తో మెషీన్ నడుస్తూనే ఉంటుంది. పంతులుగారు ఎఫ్ వద్దన్నదానికి ఇది రెండో కారణం.

రాత్రిపక్షి
వారంటీ కాలాలు కూడా విడివిడిగా ఉంటాయి. బాక్సులో వచ్చే ఇంటెల్ ప్రాసెసర్‌కి మామూలుగా 3 ఏళ్ళు, మంచి ఎస్‌ఎంపీఎస్‌లకి 5 నుంచి 10 ఏళ్ళు, చాలా ర్యామ్‌లకి లైఫ్‌టైమ్ అని ఉంటుంది. రెడీమేడ్‌లో అన్నిటికీ కలిపి ఒకే కాలం, చాలా మోడళ్ళకి అది ఏడాదే.

ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లకి వోల్టేజ్ సమస్య వచ్చినప్పుడు ఈ తేడా బాగా తెలిసింది. 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్‌తో (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సర్దుబాటు ఇచ్చారు, బాక్సు ప్రాసెసర్లకి వారంటీ మరో 2 ఏళ్ళు పెంచి 5 ఏళ్ళు చేశారు. రెడీమేడ్‌లో ఉన్న ప్రాసెసర్‌కి మాత్రం సిస్టమ్ అమ్మిన కంపెనీ దగ్గరికే వెళ్ళాలి, బయోస్ అప్‌డేట్ కూడా వాళ్ళు ఇచ్చినప్పుడే.

బిట్‌బుజ్జి
ఎస్‌ఎంపీఎస్ ఎంచుకోవడానికి 80 ప్లస్ గోల్డ్ చూస్తే చాలదా? గోల్డ్ ఉంటే క్వాలిటీ ఉన్నట్టే కదా.

స్క్రూడ్రైవర్
కాదు బుజ్జీ. 80 ప్లస్ చెప్పేది ఒక్కటే, గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం వృథా కాకుండా లోపలికి ఇస్తోంది అని. గోల్డ్ అంటే 115 వోల్టుల దగ్గర సగం లోడ్ మీద 90 శాతం. వోల్టేజ్ ఎంత నిలకడగా ఉంటుంది, షార్ట్ అయితే తెగిపోతుందా, ఓవర్‌లోడ్ అయితే ఆగుతుందా, ఇవేవీ ఆ స్టిక్కర్ చెప్పదు. బ్రాంజ్‌లో మంచివి ఉన్నాయి, గోల్డ్‌లో నాసివీ ఉన్నాయి. మోడల్ పేరు పెట్టి రివ్యూలు చదవాలి, లోపల విప్పి పరీక్షించిన రివ్యూలు.

ఇంకోటి, దీన్ని అందరూ గుర్తుపెట్టుకోండి. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (కేబుళ్ళు ఊడదీయగలిగేది) మార్చినప్పుడు పాత కేబుళ్ళు వదిలేసి కొత్తదానితో వచ్చినవే వాడాలి. పార్టుల వైపు కనెక్టర్ అందరిదీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకొకటి, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కొకటి. సరిగ్గా దూరుతుంది, ఆన్ చేయగానే హార్డ్‌డిస్కులు కాలిపోతాయి. ఎడిటర్ల హార్డ్‌డిస్కులంటే ఏళ్ళ పని.

పిల్లి_అమ్మ
కేబినెట్ ఎంచుకునేటప్పుడు పైన జాలీ లేనిది చూసుకోవాలా? మా పిల్లికి మా సిస్టమ్ పైభాగమే పడక. వేడిగాలి అక్కడినుంచే వస్తుంది కదా, రెండర్ పెట్టగానే వచ్చి కూర్చుంటుంది.

వైఫై_వసంత
అయితే రెండర్ అయిపోయిందో లేదో పిల్లిని చూస్తే తెలిసిపోతుందన్నమాట 😄

కేబుల్_కథలు
పిల్లి ఉన్న ఇంట్లో ముందువైపు, కిందవైపు తీసి కడుక్కునే డస్ట్ ఫిల్టర్లు ఉన్న కేబినెట్ కొనండి. పైభాగం మూసేస్తే వేడి వెనక ఫ్యాన్ ఒక్కదాని మీదే పడుతుంది. పిల్లికి వేరే పడక వెతకడమే మేలు. ముందు మొత్తం అద్దం పెట్టిన కేబినెట్‌లు చూడటానికి బాగుంటాయి గానీ గాలి లోపలికి పోయే దారి తక్కువ, గంటలకొద్దీ రెండర్ నడిచేవాళ్ళు ముందు జాలీ ఉన్నదే తీసుకోవాలి.

నిప్పురవ్వ
అసలు విషయానికి వస్తే, మధ్య దారి ఒకటుంది. పార్టుల జాబితా మనమే రాసుకుని, అమ్మేవాళ్ళ చేతే బిగించి పరీక్షించి ఇమ్మనడం. తారగారికి ఇదే సరిపోతుందని నాకనిపిస్తోంది. బిల్లులో ఒక్కో పార్టు పూర్తి మోడల్ పేరు, సీరియల్ నంబరుతో విడివిడిగా రాయించుకోవాలి. "కంప్యూటర్ ఒకటి" అని రాసిస్తే తర్వాత ఏ పార్టుకీ వారంటీ అడగలేరు. ఖాళీ బాక్సులన్నీ ఇంటికి తెచ్చుకోవాలి.

ల్యాబ్_ఇన్‌ఛార్జ్
దీనికి నేనూ అడ్డు చెప్పను. ఒక షరతు, ఏ పార్టు పోయినా ముందు వాళ్ళే చూసి ఏది పోయిందో తేల్చాలని ముందుగానే మాట తీసుకోండి. ఆ మాట ఇవ్వనివాళ్ళ దగ్గర కొనకండి, బ్రాండెడ్ బిజినెస్ మోడలే నయం.

టైమ్‌లైన్_తార
అందరి మాటలూ చదివి ఒక జాబితా రాశాను. నిప్పురవ్వగారు చెప్పిన దారిలోనే వెళ్దామనుకుంటున్నాను. కోర్ అల్ట్రా 7 265కేఎఫ్, దానికి తగ్గ బోర్డు, డీడీఆర్5 16 జీబీ స్టిక్‌లు నాలుగు కలిపి 64 జీబీ, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్, మామూలు టవర్ కేబినెట్, పెద్ద ఎయిర్ కూలర్. చూసి చెప్పండి.

పిక్సెల్_పంతులు
కేఎఫ్ వద్దు, 265కే తీసుకోండి.

చిప్పుల_చిట్టి
పంతులుగారూ, ఆవిడ తీసుకునేది 50 సిరీస్ కార్డు. 4:2:2 అదే విప్పుతుంది కదా, కేఎఫ్‌తో వచ్చే నష్టమేముంది?

పిక్సెల్_పంతులు
కార్డు విప్పగలదు, నిజమే. కానీ ఆవిడ వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఆ సౌకర్యాన్ని వాడుకోవాలి, పాత వెర్షన్‌లో ఉంటే వాడుకోదు. క్విక్ సింక్‌ని సాఫ్ట్‌వేర్లు ఎప్పటినుంచో వాడుతున్నాయి. పైగా వసంతగారు చెప్పినట్టు కార్డు సర్వీస్‌కి వెళ్ళిన రోజున తెర వెలగాలి. పని మీద బతికేవాళ్ళకి ఆ చిన్న తేడా పెట్టదగిందే.

చిప్పుల_చిట్టి
కార్డు సర్వీస్‌కి వెళ్ళే సంగతి సరే, ఒప్పుకున్నాను.

స్క్రూడ్రైవర్
ర్యామ్ నాలుగు స్టిక్‌లు వద్దు. డీడీఆర్5లో నాలుగూ నింపితే వేగం తగ్గించి నడపాల్సి వస్తుంది. ఏఎమ్‌డీ రైజెన్ 7000లో అధికారికంగా రెండు స్టిక్‌లకి 5200 ఉంటే నాలుగుకి 3600 మాత్రమే, ఇంటెల్‌లోనూ నాలుగు పెడితే తగ్గుతుంది. 32 జీబీవి రెండు, ఒకే ప్యాక్‌లో వచ్చినవి తీసుకోండి. ఇప్పుడు ర్యామ్ ధర మరీ ఎక్కువగా ఉంటే 16 జీబీవి రెండింటితో మొదలుపెట్టొచ్చు, కానీ తర్వాత ఇంకో రెండు కలుపుదామనే ఆలోచనతో కాదు, మార్చే ఆలోచనతో.

రాత్రిపక్షి
ఐదారేళ్ళు అన్నారు కాబట్టి ఒక మాట. ఇంటెల్ సాకెట్లు, అంటే బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోట్లు, త్వరగా మారతాయి. ఎల్‌జీఏ1200 అనే సాకెట్ రెండు తరాలకే అయిపోయింది. ఏఎమ్‌డీ ఏఎమ్4 చూడండి, 2017లో కొన్న బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేసి 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ పెట్టుకున్నారు. ఏఎమ్5ని 2027, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎమ్‌డీ చెప్పింది. రైజెన్ ప్రాసెసర్ మీద అదే 5060 టీఐ పెడితే 4:2:2 పని కార్డు చూసుకుంటుంది, మూడేళ్ళ తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు.

పిక్సెల్_పంతులు
ఎడిటర్లు ఎంతమంది మధ్యలో ప్రాసెసర్ మారుస్తారు? నేను చూసినవాళ్ళంతా స్టోరేజీ, ర్యామ్, మహా అయితే కార్డు మారుస్తారు. ఉన్న పని ఇవాళ సాఫీగా సాగడం ముఖ్యం. నా ఓటు 265కేకే.

రాత్రిపక్షి
నేను మార్చాను కాబట్టి చెప్పాను. ఆవిడ సాఫ్ట్‌వేర్ వెర్షన్ కొత్తదైతే రెండూ పనికొస్తాయి, అక్కడ తేలాలి.

టైమ్‌లైన్_తార
క్లయింట్ పాత ప్రాజెక్టుల కోసం ఒక పాత వెర్షన్ కూడా ఉంచుకోవాలి నేను. కాబట్టి 265కే అనుకుంటున్నాను. ర్యామ్ 32 జీబీవి రెండుగా మార్చాను.

కేబుల్_కథలు
ఎస్‌ఎస్‌డీ ఒకటే పెట్టకండి. సిస్టమ్‌కి ఒకటి, ప్రాజెక్టులకి, కాష్‌కి ఇంకోటి. బోర్డులో ఎం.2 స్లాట్లు (ఇలాంటి ఎస్‌ఎస్‌డీలు పెట్టే చోట్లు) కనీసం మూడు ఉన్నది చూడండి. ఫుటేజ్ దాచడానికి పెద్ద హార్డ్‌డిస్కు వేరే, బ్యాకప్ ఇంకో చోట. కూలర్ ఎత్తు కేబినెట్ వివరాల్లో రాసిన గరిష్ఠ ఎత్తు కంటే తక్కువ ఉందో లేదో చూశారా? చాలా పెద్ద టవర్ కూలర్లు 160 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి, కొన్ని కేబినెట్‌ల పక్క తలుపు మూతపడదు.

టైమ్‌లైన్_తార
కేబినెట్ వివరాల్లో 165 అని ఉంది, కూలర్ 158. రెండో ఎస్‌ఎస్‌డీ కలిపాను. బిగించి ఇచ్చేవాళ్ళని అడిగాను, పోయిన పార్టు తేల్చే బాధ్యత మాదే అన్నారు, దాన్ని బిల్లు మీద రాసివ్వడానికి మాత్రం ఆలోచిస్తున్నారు.

ల్యాబ్_ఇన్‌ఛార్జ్
రాసిచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

నిప్పురవ్వ
బిగించాక మీ సొంత ఫుటేజ్ ఒక పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి. మీ సాఫ్ట్‌వేర్ ట్రయల్ వేయించి, ఆ నాలుగు వరుసల టైమ్‌లైన్ అక్కడే నడిపి చూడండి. ఒక గంటపాటు రెండర్ పెట్టించి ప్రాసెసర్, కార్డు వేడి ఎంతదాకా పోతోందో కూడా అక్కడే చూసుకోండి.

పిల్లి_అమ్మ
తారగారూ, ఆ కేబినెట్ పేరు చెప్తారా? పైన జాలీ తీసి కడుక్కునే రకమేనా?